ఇరవై ఒక్క ముడుల తాడు

అంబరగిరి యువరాజు అర్కవర్మ తన ఉంగరంలోని ముత్యాన్ని ఎండకెత్తి చూశాడు. నిన్నటికంటే నువ్వుగింజంత నలుపు పెరిగింది.

"ఇంకా ఇరవై ఒక్క రోజులు," అన్నాడు.

పది రోజుల కిందట ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు అతని చెల్లెలు కువలయను పొగలో చుట్టి ఎత్తుకుపోయాడు. పాతాళగండికి ఆవలిగట్టున, కాకిశిల కోట ముంగిట, ఆ పిల్ల పాదాల నుంచి పైకి రోజురోజుకీ రాయిగా మారుతోంది. ముత్యం పూర్తిగా నల్లబడిన ఘడియకు ఆమె నిలువెల్లా శిల అయిపోతుంది. ఆలోగా ఆ ముత్యాన్ని ఆమె నుదుట ఆనిస్తే రాయి కరుగుతుంది; ఆ తరువాత ఏ మూలికా ఆమెను మనిషిని చేయలేదు. గండి వెడల్పు ముప్పై బారలు. అడుగునుంచి లేచే పొగకు నార తాళ్ళు క్షణంలో బూడిదవుతాయి. ఇనుప గొలుసుల వంతెన ఒక్కటే దారి. అలాంటి వంతెనను భూమి మీద అంతవరకు ఎవరూ చేయలేదు.

చేయగలవాళ్ళు ఉంటే ఒక్క అయస్పురిలోనే ఉండాలి.

కొండ మలుపు తిరగగానే ఆ ఊరు కళ్ళముందు పరుచుకుంది. లోయ నిండా వెయ్యి కొలిముల వెలుగు. నల్లని పెంకుటిళ్ళ మీదుగా బంగారు రంగు నిప్పురవ్వలు తూనీగల గుంపుల్లా లేస్తున్నాయి. మూడు వీధులు, మూడు ఎత్తయిన గుమ్మాలు. ఇనుప నాగుబాముల గుమ్మం కమ్మరి వీధిది. కంచు నెమళ్ళ గుమ్మం కంచరి వీధిది. చందనపు ఏనుగుల గుమ్మం వడ్రంగి వీధిది. సమ్మెట దెబ్బలు వానచినుకుల్లా ఎడతెగకుండా వినిపిస్తున్నాయి.

"ఇంత చప్పుడు చేసే ఊళ్ళో పని త్వరగా అవుతుందనే అనుకుంటారు ఎవరైనా," అంది పక్కనే నడుస్తున్న పైడమ్మ, తమలపాకుకు సున్నం రాస్తూ. "చూద్దాం."

పైడమ్మ ఉప్పు బిడారు పెద్ద. నలభై ఏళ్ళ మనిషి. మూడు వందల ఎద్దులను ఎడారులూ నదులూ దాటించడంలో ఆమెకు సాటి లేదు. కిందటి వారమే అర్కవర్మ ఆమె బిడారును దొంగల బారినుంచి కాపాడాడు. ఆ రుణం తీర్చుకోవడానికే వెంట వచ్చింది. వంతెన అడిగేది ఆమె. ఉప్పు బిడారు గండి దాటడానికని చెబుతుంది. అడిగింది యువరాజని పొక్కితే ధూమ్రనేత్రుడు ఊరినే తగలబెడతాడు. అందుకే అర్కవర్మ రాచదుస్తులు విప్పి, ఒళ్ళంతా మసి పూసుకుని, కత్తిని గోనెలో చుట్టి, కొలిమితిత్తి ఊదే కూలివాడయ్యాడు. పేరు ఎర్రన్న.

కమ్మరి పెద్ద వీరభోగాచారి ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన మీసాలు తెల్లగా, చేతులు సమ్మెట దెబ్బలు తినే దాగలి మొద్దుల్లా ఉన్నాయి.

"జంట గొలుసులు. వాటిని లాగి బిగించడానికి రెండు గాడులున్న కంచు గిలక, మనిషెత్తుది. నడవడానికి పలకలు. అవతలి గట్టుకు కొక్కెం విసరడానికి ఒక పెద్ద విల్లు. అంతేగా? ఆరు నెలలు."

ఎర్రన్న పిడికిలి బిగుసుకుంది. పైడమ్మ మాత్రం నెమ్మదిగా ఆకు నములుతూ, "ఇరవై ఒక్క రోజుల్లో కావాలి. అందులో మూడు రోజులు దారికే పోతాయి," అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. "అమ్మా, ఇది ఉప్పు మూట కాదు, దించితే దిగడానికి."

"నాకు ఇనుము తెలియదు ఆచారిగారూ. ఎద్దులు తెలుసు. మంద ఏరు దాటేటప్పుడు ఈదే సేపు కొంచెమే. రేవులో నిలబడే సేపే ఎక్కువ. మీరు ఆఖరున చేసిన పెద్ద పని ఏది?"

"కీర్తికోట తలుపు. నూట అరవై రోజులు పట్టింది."

"ఆ తలుపు మీద మీ సమ్మెట ఎన్ని రోజులు పడింది?"

వీరభోగాచారి వేళ్ళు మడిచాడు. "పద్దెనిమిది."

ఆమె లేచి ఎండలో నడుచుకుంటూ వెళ్ళి వడ్రంగి పెద్ద నీలయ్యను అడిగింది. పద్నాలుగు. కంచరి పెద్ద కాళాచారిని అడిగింది. తొమ్మిది. తిరిగొచ్చి అదే అరుగు మీద కూర్చుంది.

"నలభై ఒక్క రోజులు. మిగతా నూట పందొమ్మిది రోజులు తలుపు ఏం చేసింది తాతా?"

ముసలాయన మీసం కింద గొణిగినట్టు, "పడుకుంది," అన్నాడు. "అది వెళ్ళేసరికి కోట కూలిపోయింది. తలుపును శత్రువులు వంటచెరుకు చేసుకున్నారట." ఆయన తలెత్తి ఆమెవైపు సూటిగా చూశాడు. "ఏం చేయమంటావో చెప్పు తల్లీ."

మర్నాడు అయస్పురిలో ఎన్నడూ జరగని వింత జరిగింది. మూడు వీధుల పెద్దలూ ఒకే చాప మీద కూర్చున్నారు.

ఆ ఊరి ఆచారం వేరు. ఒక వీధిలో పని ముగిశాక దాన్ని పెళ్ళికూతురిలా పసుపు కుంకుమలతో అలంకరించి, డప్పులు వాయిస్తూ, ముహూర్తం చూసి గుమ్మం దాటించి తరువాతి వీధికి అప్పగిస్తారు. దాన్ని సాగనంపు అంటారు. అది గుమ్మం దాటి వచ్చేవరకు తరువాతి వీధివాళ్ళు కన్నెత్తి చూడరు. చూస్తే మర్యాద కాదు.

"అంటే గొలుసు మందం తెలియకుండానే నువ్వు గిలక పోస్తావా?" అని పైడమ్మ కాళాచారిని అడిగింది.

"పోస్తాను. గొలుసు పట్టకపోతే మా బావ పట్టేదాకా అరగదీస్తాడు," అన్నాడు కాళాచారి, వీరభోగాచారి వైపు చూపిస్తూ. కాళాచారిది బక్క శరీరం, గట్టి గొంతు.

"అరగదీసి అరగదీసి నా చేతులే అరిగిపోయాయి," అన్నాడు వీరభోగాచారి. "నీ మూర ఒకటి, నా మూర ఒకటి. పెళ్ళిచూపులనాడే చెప్పాను మా చెల్లెలితో, ఈ పొట్టిచేతులవాడు వద్దని."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. పైడమ్మ నవ్వుతూనే ఒక వెదురు తీసుకుని నిలువునా మూడుగా చీల్చింది. మూడు చీలికలకూ ఒకేచోట గాట్లు పెట్టి, తలా ఒకటి ఇచ్చింది. "ఈ పని అయ్యేదాకా ఎవరి చెయ్యీ కొలత కాదు. ఇదే కొలత."

ఏటి ఇసుక తెచ్చి చాప ముందు పరిచారు. ముగ్గురూ వేళ్ళతో వంతెన గీశారు, చెరిపారు, తిట్టుకున్నారు, మళ్ళీ గీశారు. సాయంత్రానికి బొమ్మ నిలిచింది. అప్పుడు ఎర్రన్న ఉండబట్టలేక, "గొలుసులకు రెండువైపులా ఇనుప కంచె కూడా పెడితే?" అన్నాడు.

"ఎర్రన్నా, నీ ఊహలు తిత్తిలో ఊదు," అంది పైడమ్మ. "పొద్దున్న అడిగితే వినేదాన్ని. ఇప్పుడు ఇసుక మీద నీళ్ళు చల్లాను. ఇక ఒక్క గీత కూడా కదలదు. కదిపితే పలక మారుతుంది, పలక మారితే గొలుసు, గొలుసు మారితే గిలక. ఎవడి కోసం చేసే పనైనా ఎప్పటికీ తెమలకపోవడానికి, ఆ అడిగినవాడి నోరే సగం కారణం."

సింహాసనం ఎక్కవలసిన మనిషి మారుమాట లేకుండా తిత్తి దగ్గరికి నడిచాడు. మాట పడ్డందుకు కోపం రావాలి. రాలేదు. పైడమ్మ చేతిలో పని పడ్డాక తన చెల్లెలి ప్రాణం ఒక గట్టి చోట ఉన్నట్టు అతనికి మొదటిసారి అనిపించింది.

"ఇందులో దేన్ని తొందరపెట్టలేం?" అని పైడమ్మ పెద్దలకు మరో ప్రశ్న వేసింది.

కాళాచారి టక్కున చెప్పాడు. "గిలక. పోసిన కంచు తొమ్మిది రోజులు మట్టిలో చల్లారాలి. వందమంది కూలీలున్నా, పదిమంది రాజులు బతిమాలినా తొమ్మిది రోజులే."

"మరి దాన్ని ఆఖరున ఎందుకు పోస్తారు?"

"కంచు నగలాంటిది కదమ్మా. నగ ఆఖరునే పెడతాం."

"ఈసారి నగ ముందు. అది చల్లారుతుండగా గొలుసులు, పలకలు, విల్లు అన్నీ అవుతాయి."

మూడో రోజు ఉదయం వడ్రంగి వీధి అరుగు మీదికి నీలయ్య చెక్కతో చిన్న గిలక, నాలుగు చెక్క లంకెలు చెక్కి తెచ్చాడు. వీరభోగాచారి లంకెలను గిలక గాడిలో లాగాడు. మూడో లంకె అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. ముగ్గురు పెద్దల ముఖాలూ పాలిపోయాయి. పైడమ్మ మాత్రం చప్పట్లు కొట్టింది.

"చెక్కలో ఇరుక్కుంది కాబట్టి చెక్క చీలికతో పోయింది. ఇదే కంచులో, గండి ఒడ్డున ఇరుక్కుంటే?"

నీలయ్య బాడితతో రెండు వేట్లు వేసి గాడిని వెడల్పు చేశాడు. లంకెలు పాము జారినట్టు జారాయి. కీర్తికోట తలుపుకు ఇలాంటి సవరణకే నెల పట్టింది. ఇక్కడ అది ఒక తాంబూలం నమిలే సేపట్లో ముగిసింది.

ఇంతలో గుంపు పక్కకు తప్పుకుంది. గడియల సిద్ధుడు వస్తున్నాడు.

ఏడాది కిందట ఎక్కణ్ణుంచో వచ్చి ఊళ్ళో స్థిరపడిన సన్యాసి అతడు. బూడిద రంగు జడలు, బూడిద రంగు కళ్ళు, చేతిలో రాగి కమండలం. సాగనంపులకు ముహూర్తాలు పెట్టేది అతడే. కిందటేడు ఒక కొలిమివాడు అతని మాట కాదని పని పంపితే ఆ రాత్రే కొలిమి పేలింది. అప్పటినుంచి ఊరంతా అతనికి వణుకుతుంది.

"గిలక నమూనా వడ్రంగి గుమ్మం దాటాలి కదూ," అన్నాడు సిద్ధుడు మెత్తగా. "నక్షత్రబలం లేదు. పన్నెండో నాడు మధ్యాహ్నం పంపండి."

పన్నెండు రోజులు! ఆపైన తొమ్మిది రోజులు చల్లారడం! కాళాచారి తల దించుకున్నాడు. ఎర్రన్న ఉంగరం ఉన్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

పైడమ్మ రెండు చేతులూ జోడించింది. "అలాగే స్వామీ. గుమ్మం దాటే ప్రతిదానికీ మీ ముహూర్తమే." సిద్ధుడు అటు వెళ్ళగానే వీరభోగాచారి వైపు తిరిగింది. "తాతా, ఏటి ఒడ్డున ఆ ఖాళీ మైదానం ఏ వీధిది?"

"ఏ వీధిదీ కాదు. దానికి గుమ్మమే లేదు."

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆయన పొట్ట కదలడం మొదలైంది. తరువాత మీసాలు కదిలాయి. ఆ తరువాత ఊరంతా వినపడేలా నవ్వాడు. "గుమ్మమే లేని చోట సాగనంపు ఎక్కడిది! బావా, నీ మూసలు ఎత్తు! నీలయ్యా, బాడితలు సర్దు!"

ఆ సాయంత్రానికల్లా మూడు వీధుల నుంచి మనుషులు పనిముట్లతో ఏటి ఒడ్డుకు దిగారు. తాటాకు పందిళ్ళు లేచాయి. పందిరి మధ్య పైడమ్మ ఇరవై ఒక్క ముడులున్న తాడు కట్టి, గడిచిన రోజులకు మూడు ముడులు విప్పింది. రోజుకొక ముడి విప్పుతుంది. ప్రతి పనికీ ఆ తాడుకు ఒక దారం వేలాడదీసింది. పని సాగుతున్న రోజు ఎర్ర దారం. పని దేనికోసమైనా కాచుకుని కూర్చుంటే తెల్ల దారం. చదువు రానివాడు కూడా పందిట్లోకి వచ్చి తలెత్తితే చాలు, ఎక్కడ ఏది ఆగిందో తెలిసిపోతుంది.

నాలుగో నాడు కంచు పోశారు. కరిగిన లోహం ఉదయసూర్యుణ్ణి పిండి తీసిన రసంలా గుంటలోని మట్టి అచ్చులోకి దిగింది. ఆ వెలుగులో నలభై మంది ముఖాలు పుత్తడి బొమ్మల్లా మెరిశాయి. అచ్చు మీద మట్టి కప్పి, కాళాచారి దాని చుట్టూ ముగ్గు వేశాడు.

ఆ తరువాత పని పరుగెత్తింది. నల్లమద్ది పలకలు నిప్పంటకుండా పటిక నీళ్ళలో నానాయి. ఒక పక్క విల్లు వంగింది. ఒక పక్క గొలుసు లంకె వెంట లంకెగా, ఎర్రని పామై తొట్టిలోకి దిగి బుసకొట్టింది. ఆరో నాడు గొలుసు దారం పక్కన తెల్ల దారం కనపడింది. బొగ్గు అందలేదు. పైడమ్మ అరవలేదు. విల్లు పని తేలికైందని చూసి, అక్కడి పదిమందిని బొగ్గు మోయడానికి పంపింది. మధ్యాహ్నానికి తెల్ల దారం పోయింది. మరో పక్క, తన ఎద్దుల్లో సగాన్ని గండి దారిలో మజిలీకి పన్నెండు జతల చొప్పున ముందే పంపించింది.

"ఆమె సమ్మెట ముట్టుకోలేదు," అన్నాడు వీరభోగాచారి ఎర్రన్నతో, చెమట తుడుచుకుంటూ. "అయినా ఈ గొలుసులో ప్రతి లంకె మీదా ఆమె చెయ్యి కనపడుతోంది. నా ఎనభై ఏళ్ళలో ఇలాంటి పనితనం చూడలేదురా."

పదో నాటి మధ్యాహ్నం పైడమ్మ పందిట్లో కూర్చుని మరో తాడు అల్లుతోంది. ఊళ్ళో కిందటేడు చేసిన పెద్ద పనులన్నిటినీ అడిగి తెలుసుకుని వాటికీ దారాలు కట్టింది. నాగలి, గానుగ, బండి ఇరుసు, అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఒకటి రెండు తెల్ల పోగులు అంతే. కీర్తికోట తలుపు, సింహపురి వాళ్ళడిగిన రాతి విసురుయంత్రం, యుద్ధ పడవ, ఈ మూడే బారెడు తెల్లగా ఉన్నాయి. మూడూ ధూమ్రనేత్రుడితో పోరాడేవాళ్ళు అడిగినవే.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"తాతా! గానుగ సాగనంపుకు ముహూర్తం ఎప్పుడు పెట్టారు?"

"మర్నాటి ఉదయమే."

"తలుపుకు?"

"నలభై రోజులకు. తరువాత ముప్పై. తరువాత మళ్ళీ..." వీరభోగాచారి మాట మింగేశాడు.

"మీ తాతలనాడు?"

"పసుపు బొట్టు పెట్టి ఆ సాయంత్రమే పంపేవాళ్ళు."

"ధూమ్రనేత్రుడి మీదికి పోయే పనులకే నక్షత్రాలు కలిసిరావు. మిగతావాటికి ఎప్పుడూ శుభమే. ఇది ఏ జ్యోతిషం స్వామీ?" ఆమె గొంతు పెంచింది. అప్పుడే ఏటి ఒడ్డుకు వచ్చి, కంచు గుంట పక్కన నిలబడి, కమండలం మూత తీస్తున్నాడు గడియల సిద్ధుడు.

మైదానంలో సమ్మెటలు ఆగాయి. సిద్ధుడు నవ్వాడు. అతని పళ్ళ మధ్య నుంచి సన్నగా పొగ వచ్చింది.

"ఉప్పు అమ్ముకునేదానికి ఉన్నపాటి కళ్ళు ఈ ఊళ్ళో ఒక్కడికీ లేవే!" అంటూ కమండలం వంచాడు. చన్నీళ్ళు ఏరులా గుంట వైపు దూకాయి. వేడి కంచు మీద ఆ నీళ్ళు పడితే గిలక వెయ్యి ముక్కలు!

ఎర్రన్న ఎగిరి దూకాడు. చేతికందిన ఇనుప మూకుడును గుంట మీదికి తోసి, దాని మీద తానే బోర్లా పడ్డాడు. నీళ్ళు అతని వీపు మీదుగా ఏట్లోకి మళ్ళాయి. మరుక్షణం గోనె చీలింది, కత్తి మెరిసింది. మసి కడుక్కుపోయిన భుజం మీద అంబరగిరి రాజముద్ర బయటపడింది.

"అర్కవర్మా!" సిద్ధుడి ఆకారం చెదిరి నల్లని పొగసర్పమై తాటిచెట్టెత్తు లేచింది. పందిళ్ళు అంటుకున్నాయి. అర్కవర్మ కత్తి సర్పం మెడను మూడుసార్లు తెగ్గోసింది. మూడుసార్లూ పొగ మళ్ళీ అతుక్కుంది. సర్పం అతణ్ణి నడుముకు చుట్టి పైకెత్తింది. ఊపిరి బిగుసుకుపోయింది.

"కత్తి కాదురా, తిత్తి!" అని కింద నుంచి అరిచింది పైడమ్మ. యువరాజని తెలిసినా నోటికి అలవాటైన పిలుపే వచ్చింది.

వీరభోగాచారికి ముందుగా అర్థమైంది. పన్నెండు తిత్తులు ఒక్కసారిగా సర్పం వైపు తిరిగాయి. ఇరవై నాలుగు చేతులు ఊదాయి. గాలి గుప్పున కొట్టింది. పొగ వెనక్కి వాలింది, చెదిరింది, ముద్దయింది. పట్టు జారి కిందపడ్డ అర్కవర్మ పదమూడో తిత్తి అందుకున్నాడు. పది రోజులుగా ఊదిన చేతులు కదా! పొగముద్ద దొర్లుకుంటూ పోయి పెద్ద కొలిమి నోట్లో పడింది. వీరభోగాచారి ఇనుప మూత దించి, గడియ బిగించి, దాని మీద కూర్చున్నాడు.

"కిందటేడు కొలిమి పేల్చింది నువ్వేగా? ఇప్పుడు దీన్ని పేల్చు చూద్దాం," అన్నాడు రొప్పుతూ.

కానీ మూత సందులోంచి ఒక్క పొగ పోగు జారి, బాణంలా ఉత్తరం వైపు, కాకిశిల వైపు దూసుకుపోయింది.

అర్కవర్మ ఉంగరం కాలినట్టు మండింది. చూస్తుండగానే ముత్యంలోకి నలుపు సిరా వొలికినట్టు పాకి, ఆగింది. మిగిలిన తెలుపు నాలుగు నువ్వుగింజలంత.

"వాడికి తెలిసిపోయింది," అన్నాడు అతను. "నాలుగే రోజులు. గిలక చల్లారడానికే ఇంకా మూడు కావాలి. దారికి మూడు."

పైడమ్మ తాడు దగ్గరికి వెళ్ళింది. మిగిలిన పదకొండు ముడుల్లో ఏడింటిని కొడవలితో కోసి మంటలో పడేసింది. తరువాత నాలుగు ముడుల తాడును చేతిలోనే పట్టుకుని వెనక్కి తిరిగింది.

"కాళాచారిగారూ, చల్లారే గిలక కదలకూడదా, లేక మట్టి విడవకూడదా?"

"మట్టి విడవకూడదు. గాలి తగలకూడదు. కుదుపు పడకూడదు... కదిలితే..." ఆయన ఆగిపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "కదిలితే ఏం కాదమ్మా!"

"అయితే మూడు రోజులు ఇక్కడ కూర్చుని ఎందుకు చల్లారాలి? దారిలో చల్లారుతుంది."

గుంట చుట్టూ తవ్వి, అచ్చును మట్టిముద్దతో సహా పెకలించారు. గడ్డిలో పొదిగి, గోనెలు చుట్టి, పెద్ద బండికి ఎక్కించారు. పన్నెండు జతల ఎడ్లు కదిలాయి. కుదుపు తెలియకుండా బండి ముందు నడుస్తూ నీలయ్య మనుషులు దారిలో రాళ్ళు ఏరారు, పలకలు పరిచారు. ఇంకో బండి మీద చిన్న కొలిమి. గొలుసుకు ఇంకా పదకొండు లంకెలు తక్కువ. ఊగే బండి మీదే దాగలి పెట్టి, ఊగే బండి మీదే సమ్మెట ఎత్తి, ఎనభై ఏళ్ళ వీరభోగాచారి ఆ పదకొండు లంకెలూ కొట్టాడు. మజిలీ వచ్చేసరికి తాజా ఎడ్లు కాడి కింద మెడలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాయి. ఒక్కచోట కూడా బండి చక్రం ఆగలేదు.

పద్నాలుగో నాటి ఉదయానికి పాతాళగండి ఎదుట నిలిచారు.

ఆ లోయకు అడుగు లేదు. పొగ సుళ్ళు తిరుగుతూ మరిగే పాలలా పొంగుతోంది. అవతల కాకి ముక్కులా వంగిన నల్లరాయి, దాని మీద కోట. కోట ముంగిట తెల్లని ఆకారం ఒకటి నిలబడి ఉంది. కువలయ! గడ్డం వరకు రాయి. కళ్ళు మాత్రం కదులుతున్నాయి.

కాళాచారి సుత్తితో మట్టి పగలగొట్టాడు. లోపలి నుంచి కంచు గిలక పున్నమి చంద్రుడిలా బయటికొచ్చింది. ఆయన దాన్ని వేలితో మీటి చెవి ఆనించాడు. సన్నని నాదం చాలాసేపు మోగింది. "బీట లేదు," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

గిలకను బండకు బిగించారు. విల్లు మూలిగింది. కొక్కెం జంట గొలుసులను ఈడ్చుకుంటూ పొగ మీదుగా ఎగిరింది. లంకెలు గాడిలో పాములా జారాయి, ఒక్కటీ అడ్డం తిరగలేదు. అవతలి రాతిలో కొక్కెం ఖణేలుమని దిగింది. ఎడ్లు లాగాయి, గొలుసులు బిగిశాయి, పలకలు ఒకదాని వెంట ఒకటి జారుకుంటూ గండి మీద పరుచుకున్నాయి.

అర్కవర్మ కత్తి నోట కరచుకుని పరుగెత్తాడు.

పది బారలు. పదిహేను. ముత్యంలో ఆవగింజంత తెలుపు. ఇరవై. అప్పుడు కోట బురుజు మీద ధూమ్రనేత్రుడు లేచి నిలబడ్డాడు. కొండంత మనిషి, కొలిముల్లాంటి కళ్ళు. అతను ఒక్కసారి ఊదాడు. నిప్పుల గాలి వంతెనను తాకింది. పలకలు అంటుకోలేదు. గొలుసులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇరవై ఐదు. ఇరవై ఎనిమిది. అవతలి కొస దగ్గర ఒక లంకె మెత్తబడి, సాగి, నోరు తెరిచింది; దాని వెంటే రెండు గొలుసుల్లోనూ మరికొన్ని.

అర్కవర్మ దూకాడు.

వంతెన అతని పాదాల కింద తెగి, మోగుతూ ఇవతలి గోడకు వచ్చి కొట్టుకుంది. అతను కాకిశిల అంచు పట్టుకుని వేలాడి, పైకి ఎగబాకి, చెల్లెలి ముందు కూలబడి, ఉంగరాన్ని రాయవుతున్న ఆమె నుదుటికి నొక్కాడు. తెల్లని చుక్క మిణుకుమంది. కువలయ పెదవులు కదిలాయి. "అన్నా, నీ వెనక!" అంది. బురుజు మీది నుంచి ధూమ్రనేత్రుడు వదిలిన పది తలల పొగనీడ ఒకటి వాళ్ళ మీదికి వాలుతోంది.

ఇవతలి గట్టున జనం హాహాకారాలు చేశారు. తెగిన గొలుసు గాలిలో ఊగుతోంది. తిరిగి రావడానికి దారి లేదు.

పైడమ్మ నడుముకు చుట్టుకున్న కొత్త తాడు విప్పింది. "లోపలికి వెళ్ళాడు. ఇక బయటికి రావాలి. తెగినవి ఎన్ని లంకెలు?"

"ఏడు," అన్నాడు కాళాచారి, గట్టు మీది నుంచి వంగి చూసి.

"బండి మీద కొలిమి వేడిగానే ఉంది. విల్లు వంచే ఉంచమన్నాను, రెండో కొక్కెంతో సహా వంచే ఉంది." ఆమె వీరభోగాచారి వైపు తిరిగింది. "ఎంతసేపు తాతా?"

ముసలాయన అప్పటికే సమ్మెట ఎత్తాడు. ఆరు నెలలన్న నోరు అదే.

"ఒక్క జాము," అన్నాడు.

పైడమ్మ తాడుకు మొదటి ముడి వేసింది.